నాలుగో వైపు

నాలుగింటికి వస్తానన్నాడు బావ. వస్తానంటే వచ్చే మనిషే, అయిదు నిమిషాలు ముందే వచ్చి గేటు బయట నిలబడి, సరిగ్గా టైముకి తలుపు తట్టే రకం. ఇప్పుడు మూడయింది. ఇంకా గంట ఉంది, గంటలో కిటికీల మేస్త్రికివ్వాల్సిన ఇత్తడి పిడుల్లో ఏడెనిమిదింటికి బెజ్జాలు పడిపోతాయి, చేతిలో పనుంటే మనసు కుదురుగా ఉంటుందంటారు, ఆ మాటన్నవాడికి పనైనా లేకపోయుండాలి, మనసైనా లేకపోయుండాలి. ఫిట్టరు లేత్ ముందున్న స్టూలు మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడుచుకున్నాడు. ఫ్యాక్టరీ ఉద్యోగం అయిపోయి నాలుగేళ్లయినా వీధంతా ఆయన్ని ఫిట్టరనే పిలుస్తుంది. ఇంటి వెనక రేకుల గది, ఒకప్పుడు బట్టలుతుక్కునే గది, నీళ్లు పోయే తూము ఇంకా అలాగే ఉంది, గోడవారగా చిన్న లేత్, దాని పక్కన డ్రిల్లింగ్ మిషను, నేలకి బోల్టులతో బిగించిన చేతి ప్రెస్సు, డబ్బాల్లో ఇత్తడి రజను, మిషను నూనె వాసన. బల్ల చివర పాత తువ్వాలు పరిచి దాని మీద మేనకోడలు పొద్దున పెట్టి వెళ్లిన ఇనుప పలక. అటు చూడకూడదనుకున్నాడు. అనుకుంటూనే చూశాడు.

అరచేతిలో సగం కూడా ఉండదది. మధ్యలో చదరపు బెజ్జం, అందులో నిలబెట్టిన చదరపు బిరడా. పందొమ్మిదేళ్ల పిల్ల, బాల్కనీలో బట్టలారేసే తీగ కింద ముక్కని కదలకుండా పట్టే చిన్న వైసు బిగించుకుని, ఆకురాయితో పదిహేను రోజులు అరగదీసి చేసిందట. పనిముట్ల ఫ్యాక్టరీలో శిక్షణకి పిల్లల్ని తీసుకుంటున్నారు, దరఖాస్తు ఇవాళ సాయంత్రం ఆరింటిలోగా ఇచ్చెయ్యాలి, తండ్రి సంతకం కావాలి, బావేమో పెట్టనంటాడు. కోపంతో కాదు పాపం, ప్రేమతోనే. "నా వైపు చేతిపని లేదమ్మా, నా చేతులు నీకు తెలీదా, చేరి నలుగురిలో నవ్వులపాలవుతావు, నేను పడ్డది చాలు" అన్నాడట. చివరికి తల్లి మధ్యలో దూరి, "మా అన్నయ్య చూసి ఎంతంటే అంత, ఇంక మీ ఇద్దరూ నా బుర్ర తినకండి" అని తేల్చేసింది. అలా వచ్చిందీ పలక ఇక్కడికి. పొద్దున ఈ గదిలోనే నిలబడి, "నా మొహం చూసి చెప్పొద్దు మావయ్యా, ముక్క చూసి చెప్పు. పనికిరాదంటే నేనేం ఏడవను. కానీ పని ముట్టుకోకుండానే చేతులు మంచివి కావని ఎలా తెలుస్తుంది?" అంది. ఆయన ప్రెస్సు పిడి తుడుస్తూ, "సాయంత్రం మీ నాన్నకి చెబుతాలే" అన్నాడు. పిల్ల కళ్లలోకి చూడలేకపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవటమంటే ఇదే, ఆ పిల్ల అడిగింది తన చేతుల గురించి, ఉలిక్కిపడింది ఈయన.

సరే, ముందీ పిడి సంగతి చూద్దాం. లేత్‌లో ఇత్తడి ముక్క బిగించి బర్మా దించాడు, ఇత్తడి మంచిది, మొండికెయ్యదు, రవ్వరవ్వగా రాలిపోతుంది, గుండ్రటి బెజ్జం పడటానికి అర నిమిషం. గుండ్రం ఎవడైనా తీస్తాడు. తిరిగేదేదైనా గుండ్రమే తీస్తుంది, చిక్కంతా మూలల దగ్గరే. ముక్క తెచ్చి ప్రెస్సు కింద పెట్టి బెజ్జంలో బ్రోచి నిలబెట్టాడు, జానెడు ఉక్కు కడ్డీ, ఒళ్లంతా పళ్లు, మొదటి పళ్లు బెజ్జంలో పట్టేంత, పైకి పోయేకొద్దీ ఒక్కో పన్నూ వెంట్రుకవాసి పెద్దది, చిట్టచివరిది నిఖార్సయిన చదరం. నాలుగు చుక్కల నూనె, పిడి మీద ఒంటి బరువు, కరకరమంటూ దిగుతుంది, పన్ను తరవాత పన్ను మూలల్ని కాస్త కాస్త కొరుక్కుంటూ, కడ్డీ కింద గిన్నెలో టంగుమని పడేసరికి చదరపు బెజ్జం తయారు. ఆకురాయితో పనే లేదు. చూసినవాళ్లు, "ఏం బుర్రండీ మీది, చదరం కూడా మిషన్లోనే తీసేస్తారు!" అంటారు. లేత్ మీద అటూ ఇటూ ఊగుతూ చదరం తొలిచే పరికరం కూడా ఆయన సొంతంగా చేసుకున్నదే, అది చూడటానికి ఎక్కడెక్కడి కుర్రాళ్లో వచ్చి ఫొటోలు తీసుకుని పోతారు. ఇంత తెలివి ఎందుకు ఖర్చు పెట్టావయ్యా అని ఒక్కడూ అడగలేదు, అడిగితే ఏం చెప్పేవాడు? నలభై ఏళ్లలో ఒక్క చదరం కూడా చేత్తో తియ్యలేదని చెబుతాడా? ఫ్యాక్టరీలో అలాంటి పనొస్తే నడుం నొప్పనో, చేతిలో వేరే పనుందనో పక్కవాడికి తోసేసేవాడని చెబుతాడా? ఆకురాయి పట్టుకుని మూల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఈ గదీ, ఈ మిషన్లూ, ఈ బుర్రా, అన్నీ ఆ మూలకి దూరంగా పారిపోవటానికి కూడబెట్టుకున్నవే.

మూడుం పావు. రెండో పిడి. బర్మా దిగుతుంటే ఆ షెడ్డు గుర్తొచ్చింది, గుర్తు రాని రోజు ఎప్పుడుంది గనక, శిక్షణ పాఠశాల షెడ్డు, పొడుగాటి బల్లలు, బల్లకి అటొక వైసు ఇటొక వైసు, నలభై ఆకురాళ్లు ఒక్కసారి కదిలితే చెవుల్లో ఇసుక పోసినట్టుండేది. ఆఖరి పరీక్ష మూడు రోజులు. ఉక్కు పలకలో చదరపు బెజ్జం, దానికో బిరడా, గుండ్రం తొలిచింది మొదలు అంతా చేత్తోనే. బిరడాని నాలుగు వైపులా ఎటు తిప్పి పెట్టినా సాఫీగా దిగాలి, కిటికీకి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు గీతైనా కనపడకూడదు. ఒక వైపు దిగటం పెద్ద గొప్ప కాదు, నాలుగో వైపు దగ్గరే మనిషి పనితనం బయటపడుతుంది. ఆయనా, ఇప్పటి బావా ఒకే బల్లకి అటూ ఇటూ. అప్పటికింకా బావ కాడు, హాస్టల్లో పక్క మంచం స్నేహితుడు. ఈయనది మూడు వైపులా దిగేది, నాలుగో వైపు పట్టేసేది, ఏ మూల పడుతోందో తెలుసు, ఇంకొక్కసారి ఆకురాయి తగిలిస్తే వదులైపోతుందేమోనని భయం. అవతలివాడిది రెండో రోజు సాయంత్రానికే వెన్నలో వేలు దిగినట్టు దిగుతోంది, తిప్పి పెట్టటం, తియ్యటం, మళ్లీ తిప్పి పెట్టటం, "చూడరా, ఎటు పెట్టినా పోతోందిరా!" అని చిన్నపిల్లాడి సంబరం. మూడో రోజు పరీక్షాధికారి, "ముక్కలు కిరోసిన్లో కడిగాకే మీ నంబరు కొట్టండి, ముందే కొడితే అంచు ఉబ్బుతుంది" అన్నాడు. బల్లకి ఒక్కటే ట్రే. ఇద్దరి ముక్కలూ బిరడాలతో సహా ఆ నల్లటి కిరోసిన్లో పడ్డాయి. ఈయన చెయ్యి పెట్టి ఒకటి తీశాడు, గుడ్డతో తుడిచాడు, అంకెల పంచ్ ఆనించి సుత్తితో అంకెకో దెబ్బ చొప్పున నంబరు కొట్టేశాడు. కొట్టేశాక, ఊరికే, ఆఖరిసారి చూద్దామని బిరడా తిప్పి పెట్టాడు. నాలుగో వైపు కూడా దిగింది.

ఇక్కడిదాకా పొరపాటే, ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పగలడు. కొట్టిన అంకె చెరగదు, అదీ నిజమే, కానీ నోరనేది ఒకటుంది కదా. అధికారి అయిదడుగుల దూరంలో ఉన్నాడు. సార్, మా ముక్కలు మారిపోయాయండి, ఎంతసేపు పడుతుంది ఆ మాట అనటానికి? మింగలేక కక్కలేక నిలబడ్డాడు. అవతలివాడు ట్రేలో మిగిలింది తీసుకున్నాడు, తుడిచాడు, తిప్పాడు, మూడు వైపులా దిగింది, నాలుగోది పట్టేసింది. మళ్లీ తిప్పాడు. ఇంకొకడైతే ట్రే వంక చూసేవాడు, ఆ పైన పక్కవాడి వంక చూసేవాడు, అతను తన చేతుల వంక చూసుకున్నాడు. అనుమానమొస్తే ముందు తన మీదే వచ్చే మనిషి, అలాంటివాడి సొమ్ము ఎత్తుకుపోవటం ఎంత సులువో! "నిన్న తిరిగిందిరా," అన్నాడు మెల్లిగా, "నిన్న తిరిగినట్టే ఉంది." దానికి ఈయనేమన్నాడు? అదీ, అదీ అసలు తలచుకోకూడని మాట, తలచుకుంటే అరవై రెండేళ్ల మనిషికి ఇప్పటికీ చెవులు కాలిపోతాయి. "టెన్షన్లో నీకలా అనిపించుంటుందిలే" అన్నాడు. నోరు మూసుకున్నా సరిపోయేది, సిగ్గులేని మనిషి, భుజం మీద చెయ్యేసి ఓదార్చాడు కూడా!

పాసయినవాళ్లని ఫ్యాక్టరీ తీసుకుంది. ఫెయిలైనవాడికి 'మూడు వైపులాయన' అని పేరు మిగిలింది. మళ్లీ పరీక్షకి కూర్చోరా అంటే, "వద్దురా, నా చేతుల సంగతి తేలిపోయింది" అని పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరిపోయి, ముప్పై అయిదేళ్లు మూటల మీద చిరునామాలు రాశాడు. చెల్లెల్నిచ్చి పెళ్లి చేసింది ఈయనే. తప్పు పూడ్చుకోవటానికి తోడబుట్టినదాన్ని ఇచ్చాడా అంటే, ఛ, అంత నీచుడు కాడు, మంచివాడని ఇచ్చాడు, కానీ అదీ ఎంతో కొంత ఉంది, లేదంటే అబద్ధం. ఆ చెల్లెలికి నోరు కాస్త ఎక్కువ. గోడకి మేకు కొట్టాలన్నా, "మీరు ఆగండి, మీరు కొడితే గోడ పడుతుంది, మా అన్నయ్యని పిలుస్తాను" అంటుంది, అందరికంటే ముందు బావే నవ్వుతాడు, "దేవుడు నాకు నాలుగూ కాళ్లే ఇచ్చాడు, పైన రెంటికి పొరపాటున వేళ్లు పెట్టాడు" అంటాడు. ఈయన పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్తాడు. కుళాయి విప్పుతుంటే బావ పక్కన టార్చి పట్టుకుని నిలబడతాడు, కుళాయికీ టార్చే, ఫ్యాను రెగ్యులేటరుకీ టార్చే, పెళ్లయిన నాటి నించీ ఆ ఇంట్లో ఆ మనిషి చేతికి దక్కింది టార్చి ఒక్కటే. ఎన్నిసార్లు అనుకున్నాడో, ఇవాళ చెప్పేస్తానని. చెల్లెలి పెళ్లికి ముందు అనుకున్నాడు, పెళ్లి చెడుతుందని ఆగాడు. పిల్ల పుట్టాక అనుకున్నాడు. బావకి గుండె ఆపరేషనైనప్పుడు ఆసుపత్రి వరండాలో అనుకున్నాడు, తట్టుకోలేడని సర్దిచెప్పుకున్నాడు, ఎవరు తట్టుకోలేరో తనకి తెలీదా? ఒకసారి పని మీద పార్సిల్ ఆఫీసుకి వెళ్తే, బావ ఎవరిదో పెట్టెకి గోనె చుట్టి కుడుతున్నాడు. మూలల దగ్గర గుడ్డని మడత మీద మడత వేసి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, సూది దించాడు. నాలుగు మూలలూ కొలిచినట్టు వచ్చాయి. ఈయన వచ్చిన పని చెప్పకుండానే వెనక్కి తిరిగి వచ్చేశాడు.

నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలు. పిడులు ఎన్నయ్యాయో లెక్క తప్పింది. ఇంక తప్పదని లేచి చేతులు కడుక్కుని, తూము దగ్గర నిలబడే తుడుచుకుని, పలక చేతిలోకి తీసుకున్నాడు. అంచులు మెత్తగా, చేతికి గుచ్చుకోకుండా ఉన్నాయి, ఎవరూ నేర్పకుండా ఆ పిల్లకి ఆ బుద్ధి ఎక్కడిది? బిరడా తీసి పెట్టాడు, దిగింది. తిప్పాడు, దిగింది. మూడో వైపు దిగింది. నాలుగో వైపు తిప్పి, బెజ్జం మీద ఆనించి, వేలు తీసేశాడు. తన బరువుకి తనే, తొందర లేకుండా, కిందికంటా పోయింది. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాడు, ఎక్కడా వెలుగు లేదు. నలభై ఏళ్ల కింద తన నంబరు కొట్టుకున్న ముక్క ఇలాగే దిగింది, ఇంతే నిదానంగా, ఇంతే మెత్తగా. ఇది ఆ చేతి పనే. ఆ చెయ్యి చచ్చిపోలేదు, గోనె సంచుల్లో, చిరునామాల్లో దాక్కుని దాక్కుని చివరికి బాల్కనీలో బట్టల తీగ కింద బయటపడింది.

ఇప్పుడు బావొచ్చి ఏమంటాడో ఈయనకి తెలుసు. బాగుందని చెప్పగానే, మేనమామ పోలిక అంటాడు. పొంగిపోయి మరీ అంటాడు. అప్పుడు తను ముసిముసిగా నవ్వి ఊరుకోవాలి, ముక్క కొట్టేసినట్టే ఇదీ కొట్టెయ్యాలి, తండ్రి చేతిలోది బిడ్డకొస్తే ఆ పేరు కూడా తన ఖాతాలోనే వేసుకోవాలి. ఊరుకుంటే ఏం పోయింది? పిల్లకి సంతకం దొరుకుతుంది, అందరూ సంతోషంగా ఉంటారు, ముసలితనంలో ఎవరి కొంపా కూలదు. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, వచ్చిందని ఒప్పుకోవాలి, బల్ల మీద ఉక్కు పంచ్ ఉంది, సుత్తి ఉంది, బెజ్జం అంచున ఒక్క చిన్న దెబ్బ వేస్తే నాలుగో వైపు పట్టేస్తుంది, పనికిరాదని చెప్పేస్తే పోలికల గొడవే రాదు. చెయ్యి సుత్తి దాకా వెళ్లలేదు. కానీ చూపు వెళ్లింది. ఛీ, ఏం బతుకురా నీది, అనుకున్నాడు, పైకే అన్నాడు, ఖాళీ గదిలో ఆ మాట రేకులకి తగిలి గట్టిగానే వినిపించింది. పలకని తువ్వాలు మీద పెట్టేసి, దానికి దూరంగా వచ్చి నిలబడ్డాడు.

నాలుగింటికి తలుపు చప్పుడైంది. బావ లోపలికొచ్చి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఈ గదిలో ఎప్పుడూ అలాగే నిలబడతాడు.

"చూశావా?"

"చూశాను."

"మొహమాటపడకురా ఫిట్టరూ. పిల్ల కాస్త బాధపడినా ఫరవాలేదు, తరవాత పడే బాధ కంటే నయం."

"నాలుగు వైపులా దిగుతోంది బావా. వెలుగు కూడా రావటం లేదు. నా జన్మలో ఇంత మంచి ముక్క ఇంకొక్కటే చూశాను."

బావ మొహం విచ్చుకుంది. ఈయన వంకా, పలక వంకా చూసి, కళ్లు తుడుచుకున్నాడు. "నాకు తెలుసు, నాకు తెలుసురా! అచ్చం మేనమామ పోలిక. నా వైపు నించి ఏమీ రాలేదు, బతికిపోయింది!"

తెలిసిన మాటే, రెడీగా ఉన్నాననే అనుకున్నాడు, అయినా గుచ్చుకుంది. ప్రెస్సు పిడి పట్టుకున్నాడు.

"నా పోలిక కాదు బావా. నీదే."

"ఊరుకోవోయ్."

"ఆ పరీక్ష రోజు ట్రేలోంచి నేను తీసింది నీ ముక్క. నంబరు కొట్టాక తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. నాలుగు వైపులా దిగింది నీది. పట్టేసింది నాది."

బావ నవ్వాడు. తను చేతకానివాడన్న జోకుల్లో ఇది ఇంకో రకమనుకున్నాడేమో, నవ్వుతూనే ఈయన మొహం చూశాడు. నవ్వు ఆగిపోయింది. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"పొరపాటున తీశావు."

"తియ్యటం పొరపాటే. ఊరుకోవటం పొరపాటు కాదు."

ఎక్కడో పక్కింట్లో నీళ్ల మోటారు తిరుగుతోంది. తిడితే బాగుండును, చెంప మీద ఒకటిస్తే ఇంకా బాగుండును, అనుకున్నాడు ఫిట్టరు, అంతలోనే ఆ కోరిక కూడా సిగ్గనిపించింది, తిట్టించుకుని తేలికపడదామని చూస్తున్నాడు, ఇంకా తన గురించే.

"నిన్న తిరిగిందిరా అన్నాను నేను," అన్నాడు బావ. "అన్నానా?"

"అన్నావు."

"టెన్షన్లో అలా అనిపించుంటుందన్నావు నువ్వు."

"అన్నాను."

"అది తిరగటం నిజంగా చూశానా, చూడాలన్న ఆశలో చూసినట్టనిపించిందా అని..." బావ ఆగాడు. "ఇన్నేళ్లూ అదేరా నా సందేహం. ఉద్యోగం పోయినందుక్కాదు. ఉద్యోగం ఏదైతేనేం, తిండికి లోటు లేదు. నా కళ్లతో నేను చూసింది నేను నమ్మొచ్చా, నమ్మకూడదా అని. ఆ తరవాత దేన్నీ నమ్మలేదు. పిల్ల చేతుల్ని కూడా నమ్మలేదు."

క్షమించమని అడగాలంటే దానికీ అర్హత ఉండాలి అనుకున్నాడు ఫిట్టరు. బావ లేచి తువ్వాలు దగ్గరికి వెళ్లాడు. వెనక కట్టుకున్న చేతులు విప్పి, పలక తీసుకుని, బిరడా పెట్టి తిప్పాడు, మళ్లీ తిప్పాడు, వేళ్లు తడుముకోలేదు, ఎక్కడ ఆనించాలో, ఎప్పుడు వదలాలో వాటికి తెలుసు. నాలుగోసారి దిగాక జేబు రుమాలులో నాలుగు మూలలూ మడిచి చుట్టి లోపల పెట్టుకున్నాడు.

"ఆరింటిలోగా సంతకం పెట్టాలి. నేను వెళ్తాను." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "నీ ఫోను తియ్యి."

"ఎందుకు?"

"మీ చెల్లెలికి చెప్పు. ఇప్పుడే, నా ఎదురుగా చెప్పు. నేను చెబితే నవ్వుతుంది."

ఫిట్టరు ఫోను తీశాడు. నంబరు నొక్కటంలో రెండుసార్లు తప్పాడు. అవతల రెండో రింగుకే ఎత్తింది, ఆమె గొంతు ఎప్పుడూ పెద్దదే, గుమ్మంలో ఉన్న మనిషికి కూడా ప్రతి మాటా వినిపిస్తోంది.

"అన్నయ్యా! ఆయన వచ్చారా? ఏం తేల్చారు? ఆ, ముందిది విను, ఆయన్ని ఆ మిషన్ల దగ్గరికి మాత్రం రానివ్వకు, ఏదో ఒకటి పాడు చేసి పెడతారు."

బావ కదల్లేదు, ఈయన వంకే చూస్తున్నాడు.

"ఆయన ఎప్పుడూ ఏదీ పాడు చెయ్యలేదమ్మా," అన్నాడు ఫిట్టరు. "చేసింది నేను."